ఎండలు ముదిరే ముందు పాత బండి ఇంజిన్ విప్పిస్తున్నారా? ముందు పిస్టన్ కొనండి

పోయిన ఆదివారం మా గల్లీ పిల్లాడు ఉప్పల్ రోడ్డు మీద పడ్డాడు. పాత యమహా ఆర్ఎక్స్ 100 (టూ స్ట్రోక్ బండి), ఇంజిన్ పని చేయించి మూడో రోజు. అరవైలో పోతుంటే పిస్టన్ పట్టేసి వెనక చక్రం టక్కున ఆగిపోయింది. కాలర్ బోన్ విరిగింది. వెనక బస్సు డ్రైవర్ సమయానికి బ్రేకు కొట్టాడు కాబట్టి ప్రాణం దక్కింది. బ్లాకు (ఇంజిన్ సిలిండర్) విప్పితే పిస్టన్‌కి నాలుగు వైపులా గీతలు, అంటే బోర్, అదే పిస్టన్ ఆడే రంధ్రం, బిగుతుగా ఉందన్నమాట. అడిగితే అసలు సంగతి తెలిసింది: బ్లాకు ముందు రోజే బోర్‌కి (ఆ రంధ్రాన్ని లేత్ మీద కోసి పెద్దది చేయడానికి) ఇచ్చేశారు, పిస్టన్ మర్నాడు కొన్నారు.

పిస్టన్ చేతిలో లేకుండా బ్లాకు బోరింగ్‌కి ఇవ్వొద్దు. ఈ ఒక్క తప్పుతో పాడైన ఇంజిన్లు నేను చాలా చూశాను. లేత్ షాపులో "అన్నా, యాభై సైజుకి కొట్టేస్తా, పిస్టన్ తర్వాత తెచ్చుకో" అంటారు, వినకండి. పిస్టన్ మీద 0.50 (అసలు సైజు కంటే అర మిల్లీమీటరు ఎక్కువ) అని ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీలవీ ఒకే కొలతలో రావు. లేత్ మీద కూర్చున్న మనిషి మీరు తెచ్చిన ఆ పిస్టన్‌నే, కింది అంచు దగ్గర, దాన్ని కనెక్టింగ్ రాడ్‌కి తగిలించే పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి కొలిచి దానికి తగ్గట్టు బోర్ కొట్టాలి. పిస్టన్‌కి, బోర్‌కి మధ్య వదలాల్సిన సందు 0.03, 0.04 మిల్లీమీటర్లు, అలా ఉంటుంది, బండిని బట్టి మారుతుంది. పిస్టన్ అల్యూమినియం, బోర్ ఇనుము. వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. షాపులో వేలితో తోస్తే హాయిగా దిగిన పిస్టనే ఏప్రిల్ మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య, ఇంజిన్‌కి గాలి తగలనప్పుడు, పట్టేస్తుంది.

విప్పే ముందు

అసలు విప్పాలో లేదో చూసుకోండి. స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి ఆగిపోతే, చాలాసార్లు అది వాల్వ్ సీళ్ల (ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కల) పనే, దానికి బోర్ దాకా పోనక్కర్లేదు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. ప్లగ్గు తీసి అక్కడ కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కులు కొట్టండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోర్ అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. టూ స్ట్రోక్ అయితే క్రాంక్ షాఫ్ట్ రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు చూడకుండా బిగించొద్దు, అక్కడ గాలి పీలిస్తే పెట్రోలు పలచబడి ఇంజిన్ కాగి, ఎంత మంచి పిస్టన్ వేసినా మళ్లీ పోతుంది.

సామాన్లు

హైదరాబాద్ పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో అడిగి చూడండి, బిల్లు తీసుకోండి. జుమ్మేరాత్ బజార్‌లో చవకగా దొరికిందని ఇంజిన్ కేసు మాత్రం కొనొద్దు. ఇంజిన్ నంబరు దాని మీదే ఉంటుంది, ఆర్‌సీతో కలవకపోతే మీ బండే దొంగబండి అవుతుంది.

ఇక మిగతావి. బోర్ కొట్టించి తెచ్చిన బ్లాకుని వేడి నీళ్లు, సబ్బుతో కడగండి, తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే మరక రాకూడదు. పెట్రోలుతో తుడిస్తే బోర్‌ని నునుపు చేసిన రాయి పొడి పూర్తిగా పోదు, అదే కొత్త రింగుల్ని తినేస్తుంది. కడిగిన వెంటనే ఆయిల్ పూయండి, తుప్పు పడుతుంది. పిన్నుని జారకుండా పట్టి ఉంచే పాత సర్క్లిప్పు మళ్లీ వేయొద్దు. పాత గాస్కెట్ అసలు వద్దు. అరిగిన బోర్‌లో కొత్త రింగులు వేసి పని అయిపోయిందనుకోవద్దు. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు. ఆర్ఎక్స్‌లో ఆయిల్ పంపులో చిక్కిన గాలి తీయకుండా కిక్కు కొట్టొద్దు. మెకానిక్ తొందర పెడితే బండి వెనక్కి తెచ్చుకోండి. మళ్లీ చెప్తున్నా, పిస్టన్ ముందు, బోర్ తర్వాత. కొలతలు కాగితం మీద రాయించుకోండి. మొదటి 500 కిలోమీటర్లు నలభై దాటొద్దు, ఒకే వేగంలో లాగొద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, మధ్యాహ్నం ఎండలో తీయొద్దు. ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉంచండి. ఇంజిన్ గుంజినట్టు అనిపించిన క్షణమే క్లచ్ పట్టేసి పక్కకి పోండి. ఆగాక వెంటనే కిక్కు కొట్టొద్దు, స్టార్ట్ అయినా సరే నడపొద్దు, తోసుకుంటూ ఇంటికి తెచ్చి బ్లాకు విప్పండి.