హైబ్రిడ్ కారు మైలేజీ లెక్క మొదలుపెట్టే ముందు

పొద్దున్నే, కారు తీయకముందే టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్ మీది అంకెలు చల్లటి టైరుకే వర్తిస్తాయి. చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఎండలో నడిపి వచ్చి కొలిస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది.

ట్యాంకు ఫుల్ చేయించేటప్పుడు నాజిల్ మొదటిసారి కట్ అవ్వగానే ఆపించండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయనివ్వొద్దు. వెంటనే ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ నింపేది అదే బంకులో, అదే పంపు దగ్గర. 412 కిలోమీటర్లకు 20.6 లీటర్లు పడితే మైలేజీ 20. ఐదారు లీటర్లకే లెక్క కట్టకండి: అర లీటరు తేడా వచ్చినా పది శాతం దాకా తప్పుతుంది. డాష్‌బోర్డు అంకెను పక్కన రాసుకోండి చాలు, నమ్మాల్సింది బిల్లునే.

తిరుమల ఘాట్ ఉంటే ఎక్కడం, దిగడం రెండూ ఒకే లెక్కలో రావాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దే వద్దు. బ్యాటరీకి ఛార్జింగ్ రాదు, భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును హైబ్రిడ్ కారు బ్యాటరీలో దాచుకుంటుంది; బ్యాటరీ నిండిపోతే ఇక దాచుకోవడం కుదరదు. బీ మోడ్ (గేర్ లివర్ దగ్గర B అని ఉండేది) ఉన్న కారైతే అందులో వేయండి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది.

చాలా మోడళ్లలో బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ వెనక సీటు దగ్గరుంటుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టకండి.

ఏసీ మామూలుగా వాడుకోండి. వాడినట్టు నోట్ చేస్తే చాలు.