బెన్ ఎ ఖ్రూలష్టె కొండ ఎక్కే ముందు జాగ్రత్తలు

స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో లోయ దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఎదురుగా ఉన్న బూఖల్ ఎటివ్ మోర్ అనే కొండ వైపే వెళ్తారు కనుక, 857 మీటర్ల బెన్ ఎ ఖ్రూలష్టె మీద దారి అడగడానికి మనిషి దొరకకపోవచ్చు; కాగితపు మ్యాపు, దిక్సూచి వెంట ఉంచుకోవడమే కాదు, వాటిని వాడటం ముందే నేర్చుకోవాలి.

కొండ కింద ఉన్న కింగ్స్‌హౌస్ హోటల్ వైపు వాలులో తడినేల ఎక్కువ. పచ్చగా మెరిసే నాచు కనిపించిన చోట, కర్రతో గుచ్చి చూశాకే కాలు వేయాలి.

డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి, తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి. వేసవిలో గడ్డిలోని పిడుదులు పట్టుకుంటాయి. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకొని, దిగాక మోకాళ్ల వెనుక, చంకల్లో వెతుక్కోవాలి.

ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి, ముందు పోలీసులను, ఆపైన పర్వత రక్షణ బృందాన్ని అడగాలి.