వేసవి పెరటి తోటకు చలికాలంలోనే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయిపోయి, దాళ్వా (రబీ వరి) నాట్ల హడావిడి నడిచే ఈ రోజుల్లోనే పెరట్లో బీర, కాకర, బెండ సంగతి తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో దాళ్వా చేతికొచ్చాక కాలువలకు నీళ్లు ఆపేస్తారు. అప్పటికి పాదులు పందిరెక్కి కాపు మీదుండాలి. అంటే సంక్రాంతి లోపు మడి సిద్ధం కావాలి, పండగ వెళ్లగానే గింజ పడాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు చూసుకోండి. కోనసీమలోని సఖినేటిపల్లి, అల్లవరం లాంటి సముద్రపు దాపు మండలాల్లో చాలాచోట్ల ఎండలు ముదిరేకొద్దీ బోరు నీళ్లు ఉప్పబారతాయి. ఇప్పుడు తియ్యగా ఉన్నాయని ధీమా పడొద్దు. పోయిన వేసవిలో మడి మీద తెల్లటి పొర కట్టిందా? కడితే ఉల్లి, క్యారట్ జోలికి వెళ్లకండి, పాలకూర కొంత తట్టుకుంటుంది. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించుకుంటే టెన్షన్ ఉండదు.

మన ఒండ్రు నేలను తడి మీద తవ్వకండి. పెళ్లలు లేస్తాయి, ఎండాక గునపానికీ లొంగవు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టి మెరిస్తే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. వేలితో తడితే విరిగి పొడి అయితే తవ్వొచ్చు. మడి చదునుగా కాక, జానెడు ఎత్తు గట్లుగా చేస్తే అకస్మాత్తుగా వాన పడినా వేళ్లు కుళ్లవు.

ఎరువు బాగా మాగిందే వేయాలి, పచ్చి పేడతో వేరుపురుగు వస్తుంది. కొబ్బరి పొట్టును ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. భోగి మంట బూడిదను తట్టలకొద్దీ పోయకండి. పాదుకు గుప్పెడు చాలు. టైర్లు, రంగు వేసిన చెక్కలు కాలిన బూడిదైతే తినే మొక్కల దరిదాపుల్లోకి కూడా రానివ్వొద్దు.

గడ్డివాము, ఎండు కొబ్బరి మట్టల కుప్ప కదిపేటప్పుడు మాత్రం ఎంతో జాగ్రత్త. కట్లపాము, రక్తపింజర అలాంటి చోటే దాక్కుంటాయి. ముందు పొడవాటి కర్రతో కదపండి, బూట్లు వేసుకోండి, చీకటి పడ్డాక చెయ్యి పెట్టకండి. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, పసరు మందులు అన్నీ మానేసి 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కోతలయ్యాక పొలాల ఎలుకలు పెరళ్లకు చేరతాయి. నాటిన బీర, దోస గింజల్ని రాత్రికి రాత్రే తవ్వి తినేస్తాయి. అందుకే గింజను కాగితపు కప్పుల్లో మొలకెత్తించి, రెండాకులు రాగానే అడుగు చింపిన కప్పుతో సహా నాటండి. తీగజాతి వేరు కదిలితే కోలుకోవడం కష్టం.

కొబ్బరి చెట్ల కింద చోటు ఎంచుకునేముందు కింది మొక్కల ఆకులు చేత్తో తడమండి. జిగురుగా, నల్లగా మసి పట్టినట్టుంటే పైన కొబ్బరాకుల రసం పీల్చే సర్పిలాకార తెల్లదోమ ఉన్నట్టే. అక్కడ మడి వద్దు. దాని కోసం ఘాటైన మందులు కొడితే దోమను తినే మిత్రపురుగులూ చస్తాయి. కడియం నర్సరీ నుంచి మొక్కలు తెచ్చినా ఆకు తిప్పి అడుగున చూసి, వారం రోజులు విడిగా ఉంచాకే తోటలో కలపండి.