క్యాబిన్ బ్యాగు కొనేముందు ఒక అట్టపెట్టె

విమానంలో మనతోపాటు తీసుకెళ్లే బ్యాగు లేబుల్ మీద "క్యాబిన్ సైజు" అనే ఉంటుంది, తీరా విమానాశ్రయం గేటు దగ్గర కొలత పెట్టెలో పెడితే చక్రాలు అడ్డం పడతాయి. బ్యాగు ధరలో మిగిలిందంతా అక్కడే అదనపు రుసుముగా కట్టేస్తాం. నేనూ కట్టాను, ఒకసారి.

ఇప్పుడు చేసేది ఇది. టికెట్‌లో రాసిన కొలతలు చూసి, లోపలి కొలత సరిగ్గా అంతే వచ్చేలా పాత అట్టపెట్టెను కోసి టేపు వేస్తాను. ఉదాహరణకు ఈజీజెట్ అనే విమాన సంస్థ ఉచితంగా ఒప్పుకునేది 45×36×20 సెం.మీ., అదీ చక్రాలు, పిడి కలిపి. కొన్న బ్యాగు నిండా సర్ది, జిప్పు వేసి ఆ పెట్టెలో దించుతాను. నొక్కకుండా దిగకపోతే ట్యాగు తీయకముందే వాపసు. ఖాళీ బ్యాగుతో చూస్తే లాభం లేదు, ముందు జేబులో ఛార్జరు పెట్టగానే రెండు వేళ్ల మందం ఉబ్బుతుంది.

బరువు ఇంకా ముఖ్యం. చాలా చోట్ల పరిమితి 7 కిలోలే. గట్టి ట్రాలీ ఒక్కటే రెండున్నర, మూడు కిలోలు తినేస్తుంది. అందుకే నా ఓటు చక్రాల్లేని మెత్తని బ్యాక్‌ప్యాక్‌కే, కిలో లోపు దొరుకుతుంది. బ్యాగు ఎత్తుకుని ఒకసారి, లేకుండా ఒకసారి కాటా ఎక్కితే తేడా తెలుస్తుంది. ఇంటి కాటాను పూర్తిగా నమ్మకుండా పరిమితికి అరకిలో తక్కువగానే సర్దుకోండి.

మెత్తని బ్యాగులో గాజు సామాను మాత్రం వద్దు. గేటు దగ్గర బ్యాగును విమానం కింది సామాన్ల అరలోకి పంపమంటే పవర్ బ్యాంకు తీసి చేతిలో పెట్టుకోవాలి, కాబట్టి దాన్ని పై జేబులోనే ఉంచండి.