సిరొంచ వైపు చిన్న కాలేజీలో ప్రకృతి వనరులు చదివేవాళ్లకు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి వైపు డిగ్రీలో బోటనీయో, జువాలజీయో, ఎన్విరాన్‌మెంటల్ సైన్సో తీసుకున్న పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: కాలేజీ చిన్నది, ల్యాబ్ అంతంత మాత్రం, ఇక్కడ ఏం నేర్చుకుంటాం అని. ల్యాబ్ కొరత నిజంగా ఇబ్బందే, కాదనను. కానీ పెద్ద యూనివర్సిటీల పిల్లలు బస్సు కట్టించుకుని వచ్చి రెండు రోజులు చూసి వెళ్లిపోయే అడవి పక్కన, ప్రాణహిత ఒడ్డున మీరు మూడేళ్లూ ఉంటారు. ఆ మూడేళ్లను ఎలా వాడుకోవాలో చెప్తా.

మొదటి సెమిస్టర్‌లోనే ఒక చోటు ఎంచుకోండి. ఊరి పక్క అడవి ముక్క, వాగు, చెరువు, ఏదైనా సరే, ఒక్కటే. పది చోట్లు ఒక్కోసారి చూస్తే ఫొటోలు మిగులుతాయి, ఒకే చోటికి నెలనెలా వెళ్తే ఏది పెరుగుతోందో ఏది తగ్గుతోందో పట్టుబడుతుంది. రిజర్వ్ ఫారెస్ట్ అయితే కాలేజీ లెటర్ పట్టుకుని రేంజ్ ఆఫీసులో అనుమతి తీసుకోండి, బీట్ గార్డుకు చెప్పి వెళ్లండి. ఒంటరిగా మాత్రం పోవద్దు, ఆ అడవి తెలిసిన ఊరి మనిషి వెంట ఉండాల్సిందే.

అడవిలో ముందు ప్లాటు వేయడం, అంటే చెట్లు లెక్కపెట్టడానికి నేల ముక్క కొలిచి గుర్తు పెట్టుకోవడం నేర్చుకోవాలి. 40 మీటర్ల నైలాన్ తాడుకు ప్రతి 10 మీటర్లకూ గుర్తు కట్టి, నాలుగు మూలల్లో కర్రలు పాతి చుట్టేయండి. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో తెలియాలంటే రెండు కర్ణాలూ కొలవండి, రెండూ 14.14 మీటర్ల దగ్గర రావాలి. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసుకుంటారు. ఆ ఎత్తు మీ ఒంటి మీద ఎక్కడికి వస్తుందో ఇంట్లోనే టేపుతో చూసి పెట్టుకుంటే అడవిలో పని తొందరగా అవుతుంది. వాలు నేల అయితే ఎగువ వైపు నిలబడి కొలవండి, ఆ ఎత్తుకు కిందే రెండుగా చీలిన చెట్టును రెండు చెట్లుగా రాయండి. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు వస్తే 3.14తో భాగిస్తే వ్యాసం 50 సెంటీమీటర్లు, అంతే లెక్క.

అయితే పెద్ద చెట్ల కంటే వాటి కింది మొలకలు లెక్కపెట్టడం ముఖ్యం, ఇది మాత్రం గట్టిగా చెప్తా. ఇప్పచెట్లనే చూడండి. పెద్ద మాను ఏటా పువ్వు రాలుస్తూనే ఉంటుంది, కింద చూస్తే చాలా చోట్ల పిల్లమొక్క కనపడదు. పువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని ఎండుటాకులకు నిప్పు పెడతారు, మొలిచినవి అందులో కాలిపోతాయి, తర్వాత కాసిన గింజల్నీ నూనెకోసం ఏరేస్తారు, మిగిలింది పశువులు మేస్తాయి. ఏరుకోవడం తప్పని ఎవరూ అనకూడదు, ఆ పువ్వు మీద ఇళ్లు గడుస్తున్నాయి. చెట్టు కింద పాత చీరో, వలో పరిస్తే నిప్పు అవసరం రాదు. అలా పరిచిన చెట్టు కింద, నిప్పు పెట్టిన చెట్టు కింద మొలకలు ఎన్నెన్నో వరుసగా లెక్కపెట్టి రాయండి, మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అదే అవుతుంది.

నది దగ్గర ఉన్నవాళ్లకు ఇంకో దారి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లేనికి నలుపు తెలుపు రంగులు వేసి, కింద బరువు కట్టి, కొలతలు గుర్తు పెట్టిన తాడుతో పడవ మీద నుంచి దింపండి. కనపడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనపడిన లోతు, రెండింటి సగటు రాయండి. నీళ్లలో ఎంత బురద ఉందో దీంతో తెలుస్తుంది. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి కెమిస్ట్రీ ల్యాబ్ సాయం కావాలి, కానీ నీళ్లు పట్టిన బాటిల్లో మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయోడైడ్ అనే రసాయనాలు ఒడ్డు మీదే వేసేయాలి, గోధుమరంగు అడుగు పడితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా పడితే లేనట్టు. నాచు ఉన్న నీళ్లలో పొద్దున కంటే మధ్యాహ్నం ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎప్పుడు తీసినా ఒకే టైముకు తీయండి. వెనకటి సంగతులు కావాలంటే జాలర్లను అడగండి. 2019లో మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక నీళ్లు ఎక్కడిదాకా నిలబడ్డాయి, 2022 జులై వరద ఏ గోడదాకా ఎక్కింది, 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక ఏ చేప తగ్గింది, ఏది పెరిగింది. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, తారీకు వేసి రాసుకోండి.

ఎండాకాలం సెలవుల్లో తునికాకు కల్లానికి వెళ్లండి. కట్టకు ఎన్ని ఆకులు, కట్టకు ఎంత రేటు, డబ్బు గ్రామసభ ఖాతాలో పడుతుందా కాంట్రాక్టరు చేతుల మీదుగా వస్తుందా అడిగి రాయండి. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును, వెదురును చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, ఊరి అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కును కూడా గ్రామసభకే ఇచ్చింది. మన జిల్లాలోనే ధనోరా తాలూకా మెండా లేఖా 2009లో ఆ సామూహిక హక్కు పొందింది, దేశంలో ముందుగా సాధించిన ఊళ్లలో అదొకటి. వీలైతే ఒకసారి వెళ్లి గ్రామసభలో వెనక కూర్చుని వినండి. హక్కు వచ్చిన ఊళ్లకు అడవి నిర్వహణ ప్రణాళిక రాసుకోవాల్సిన పని ఉంటుంది, అందులో చెట్ల లెక్క కావాలి. ప్లాటు వేయడం వచ్చిన డిగ్రీ పిల్లలు అక్కడ నిజంగా పనికొస్తారు.

నోట్‌బుక్‌లో ప్రతి మొక్కకూ తెలుగు, గోండి, మరాఠీ పేర్లు, పక్కన శాస్త్రీయ నామం రాయండి. పరీక్ష మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో రాస్తారు, సమాచారం ఇచ్చే పెద్దమనిషి తెలుగులోనో గోండిలోనో చెప్తాడు, ఆ పట్టిక లేకపోతే రెండు చోట్లా తడబడతారు. పెన్సిల్‌తోనే రాయండి, వానలో ఇంకు పోతుంది.

సిరొంచ తాలూకాలోని వడధం వైపు శిలాజాలు కనిపిస్తే ముట్టుకోకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి. 1975లో పేరు పెట్టిన బరపాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికింది ఈ ప్రాంతంలోనే, ఇప్పుడవి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

డిగ్రీ తర్వాత సంగతి రెండో ఏడాదిలోనే ఆలోచించాలి. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఒడిశా జీవవైవిధ్య విభాగం, ఈ మూడింటి వెబ్‌సైట్లు చూసి అర్హత, ప్రవేశ పరీక్ష వివరాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి, కుల ధ్రువపత్రం, డొమిసైల్ కాగితాలు ముందే తీసుకోండి. అప్లికేషన్‌లో మీ గురించి రాయమంటే ప్లాటు కొలతలు, మొలకల పట్టిక రాయండి, ఇంటర్వ్యూ ఉంటే ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.