హైవే కింద నుంచి పైపు లైన్ వేయాలంటే పర్మిషన్ ఎలా? (పాత ఫార్మాట్లు పక్కన పడేయండి)

మా బాబాయికి హైవేకి ఇటు పక్క బోరు, అటు పక్క మూడెకరాల మిర్చి. రోడ్డు నాలుగు లేన్లు అయినప్పుడు పొలం రెండు ముక్కలైంది, నీళ్లు మాత్రం ఇటే ఉండిపోయాయి. అందరూ చేసే పనే ఆయనా చేశాడు, వాన నీళ్లు పోయే తూములోంచి నల్ల పైపు లాగేశాడు. రెండు పంటలు బాగానే నడిచింది, తర్వాత తూము క్లీన్ చేయడానికొచ్చిన వాళ్లు పైపు కోసి గట్టు మీద పడేసి పోయారు. గొడవ పడదామని వెళ్తే "పర్మిషన్ కాయితం చూపించు పెద్దాయనా" అన్నారు, ఇంకేం మాట్లాడతాడు. డ్రాయింగులు గీసుకుని బతికేవాణ్ణి కాబట్టి ఆ కాయితం తెచ్చే పని నా నెత్తిన పడింది.

చట్టం సంగతి ముందు చెప్పేస్తా. 2002 నాటి జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణ చట్టంలో సెక్షన్ 38 ఉంది, హైవే స్థలంలో గానీ రోడ్డు పైనుంచి, కింద నుంచి, అడ్డంగా గానీ పైపు, కేబుల్, స్తంభం, కాలువ ఏది వేయాలన్నా ముందు రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. కొత్తది వేయడమే కాదు, ఉన్నదాన్ని జరపాలన్నా రిపేరు చేయాలన్నా అంతే. "మా పొలం పక్కనే కదా" అన్న మాట అక్కడ నడవదు.

ఇప్పుడు రూల్స్ మారిన సంగతి. ఒకప్పుడు నీళ్ల పైపుకో సర్క్యులర్, ఫోన్ కేబుల్‌కో సర్క్యులర్, 1976 నుంచి ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉండేవి. రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2016 నవంబర్ 22న వీటన్నిటికీ కలిపి ఒకే గైడ్‌లైన్స్ ఇచ్చింది, అప్లికేషన్లు చూసేది దాని ప్రకారమే. కానీ ఆఫీసుల దగ్గర జిరాక్స్ షాపుల్లో ఇంకా ఎప్పటివో ఫార్మాట్లు తిరుగుతున్నాయి, ఇరవై రూపాయలకి అమ్ముతారు కూడా. కొనకండి, చెక్‌లిస్ట్, అగ్రిమెంట్ నమూనా రెండూ నేరుగా ఆఫీసులోనే అడిగి తీసుకోండి.

ఏ ఆఫీసు అనేదే మొదటి ప్రశ్న. రోడ్డు పక్క కిలోమీటరు రాయి చూడండి, పైన పసుపు రంగు ఉంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ ఉంటే స్టేట్ హైవే. స్టేట్ హైవే అయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ దగ్గరికే, ఈ రాసిందంతా దానికి వర్తించదు. నేషనల్ హైవేలో మళ్లీ రెండు రకాలు, కొన్ని ఎన్‌హెచ్‌ఏఐ (కేంద్రం వాళ్ల జాతీయ రహదారుల సంస్థ) చేతిలో ఉంటాయి, కొన్ని రాష్ట్ర ఆర్ అండ్ బీలోని ఎన్‌హెచ్ డివిజన్ చూస్తుంది. ఎన్‌హెచ్‌ఏఐ అయితే ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసు, అదే పీఐయూ అంటారు. టోల్ ప్లాజా దగ్గర అడిగితే పీఐయూ ఎక్కడో చెప్తారు, మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ కూడా పెట్టింది కాబట్టి ఫైల్ అందులో పెట్టాలా, కాగితం మీద కూడా ఇవ్వాలా అన్నది అక్కడే తేల్చుకోండి. అప్పుడే ఇంకో మాట కూడా అడగండి, మా ఊరి దగ్గర రోడ్డు కింద ముందే వేసిన యుటిలిటీ డక్ట్ ఏమైనా ఉందా అని. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొన్ని చోట్ల అడ్డంగా పైపులు వేసి వదిలేస్తారు, అది దొరికిందంటే బోరింగ్ ఖర్చు మొత్తం మిగిలినట్టే.

అసలు కష్టమంతా డ్రాయింగులోనే. ఫీజు గురించి అందరూ భయపడతారు గానీ ఫైల్ వెనక్కొచ్చేది ఎక్కువగా డ్రాయింగు వల్లే. చైనేజ్ ఎంత, అంటే ఎన్నో కిలోమీటరు మీద ఎన్నో మీటరు, రోడ్డుకి ఎడమ పక్కా (ఎల్‌హెచ్‌ఎస్) కుడి పక్కా (ఆర్‌హెచ్‌ఎస్), రోడ్డు సెంటర్ లైన్, రెండు పక్కలా హైవే భూమి హద్దు, మధ్యలో సర్వీస్ రోడ్డు, డ్రెయిన్, ఇవన్నీ కొలతలతో కనిపించాలి. నేను చేసిన తప్పు చెప్తా, ముళ్ల కంచె ఉంది కదా అదే హద్దు అనుకుని గీసేశా. నెల తర్వాత ఫైల్ తిరిగొచ్చింది, కంచె వేరు హద్దు వేరు, హద్దు రాయి కంచెకి అవతల సర్కారు తుమ్మ చెట్ల మధ్య పూడిపోయి ఉంది. బాబాయి పలుగుతో మట్టి తవ్వి చూపిస్తే గానీ నాకు కనపడలేదు. కాబట్టి టేపు పట్టుకుని ముందు హద్దు రాళ్లు వెతకండి, గూగుల్ మ్యాప్ చూసి గీయకండి.

అడ్డంగా దాటించే లైనుకి కొలతలు ఇలా ఉండాలి: పైపుని నేరుగా మట్టిలో పెట్టకూడదు, దానికంటే పెద్ద కేసింగ్ పైపులో పోవాలి, ఆ కేసింగ్ పైభాగం రోడ్డు మట్టం నుంచి కనీసం 1.2 మీటర్ల లోతులో ఉండాలి, డ్రెయిన్ అడుగు కంటే కనీసం 0.3 మీటర్లు కిందుండాలి. రోడ్డు కట్ట మీద ఉంటే కేసింగ్ ఈ పక్క కట్ట అడుగు నుంచి ఆ పక్క కట్ట అడుగు దాకా పూర్తిగా రావాలి, రెండు చివరలూ సీల్ చేయాలి. తారు రోడ్డు గానీ సిమెంటు రోడ్డు గానీ కోసి వేస్తామంటే కుదరదు, బోరింగ్ మెషీన్‌తో పక్క నుంచి తొలచాలి. ఇక తూములోంచి, కల్వర్టులోంచి పంపడం అసలు ఒప్పుకోరు, ఆ ఒక్క లైను చదివించాకే బాబాయి పాత పైపు గొడవ వదిలేశాడు. రోడ్డు వెంబడి పోయే లైను అయితే హద్దుకి వీలైనంత దగ్గరగా పోవాలి, పైపు నేల మట్టానికి కనీసం 0.6 మీటర్లు కింద ఉండాలి.

నా సలహా ఒకటి, కేసింగ్ దగ్గర కక్కుర్తి పడకండి. కొంచెం పెద్దది వేస్తే రేపు లోపలి పైపు పగిలినా చివర నుంచి లాగి మార్చుకోవచ్చు, మళ్లీ రోడ్డు జోలికి పోయే పనుండదు.

డ్రాయింగుతో పాటు సైటు ఫోటోలు, పని ఎలా చేస్తారో రాసిన మెథడ్ స్టేట్‌మెంట్, పని జరిగేటప్పుడు ట్రాఫిక్ ఎలా చూస్తారో ప్లాను, ఇంకా స్టాంపు పేపరు మీద అండర్‌టేకింగులు ఇవ్వాలి. వేరేవాళ్ల లైన్లకి దెబ్బ తగిలితే మాదే బాధ్యత, బ్యాంక్ గ్యారంటీ (మనం పని సరిగ్గా చేయకపోతే ఆ డబ్బు తాను కడతానని బ్యాంకు రాసిచ్చే కాయితం) గడువు దాటకుండా రెన్యువల్ చేస్తాం, ఇలాంటివి. అందరూ చదవకుండా సంతకం పెట్టేది ఒకటుంది, రోడ్డు వెడల్పు చేసినా ఫ్లైఓవర్ కట్టినా నోటీసు వచ్చిన 90 రోజుల్లో మన సొంత ఖర్చుతో లైను జరపాలి. నష్టపరిహారం లాంటిదేమీ రాదు. ఆరు లేన్లు చేస్తారని మాట వినపడుతున్న చోట అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

ఫైల్ లోపలికి పోయాక సైటు చూస్తారు, రోడ్డు కాంట్రాక్టర్ చేతిలో ఉంటే వాళ్ల అభిప్రాయం కూడా అడుగుతారు, అది రీజనల్ ఆఫీసుకి పోతుంది. తర్వాత మీ అప్లికేషన్ 30 రోజులు పబ్లిక్ డొమైన్‌లో పెడతారు, ప్రజలకి ఇబ్బంది, భద్రత లాంటి కారణాల మీద ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఈ 30 రోజులు ఎవర్ని పట్టుకున్నా తగ్గవు, అందుకే నాట్లకి ముందు అప్లై చేస్తే ఆ పంటకి నీళ్లు వస్తాయని లెక్కేసుకోకండి.

డబ్బుల సంగతి రెండు రకాలు. లైసెన్స్ ఫీజు వస్తే అది లైను ఆక్రమించే స్థలం, అక్కడి భూమి ప్రభుత్వ విలువ చూసి లెక్కేస్తారు. బ్యాంక్ గ్యారంటీ ఏమో వెంబడి పోయే లైనుకి మీటరుకింత, దాటే చోటికి ఒక్కోదానికింత అని అడుగుతారు, మొదట ఏడాదికి ఇవ్వాలి, పని సరిగ్గా పూర్తయ్యేదాకా పొడిగించాలి. మనలాంటి చిన్నవాళ్లకి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలంటే అంత మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యమంటుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఇవి కట్టి అగ్రిమెంట్ సంతకాలయ్యాకే పని.

ఇంటర్నెట్ ఫైబర్ వాళ్లు మాత్రం ఇదంతా చదివి కంగారు పడకండి, టెలికాం లైసెన్స్ ఉన్నవాళ్లకి దారి వేరు. 2025 జనవరి 1 నుంచి కొత్త టెలికాం రైట్ ఆఫ్ వే (లైను వేసుకోవడానికి దారి హక్కు) రూల్స్ వచ్చాయి, అప్లికేషన్ ఆన్‌లైన్ పోర్టల్లోనే.

పని మొదలెట్టడానికి కనీసం 15 రోజుల ముందు ఆఫీసుకి నోటీసు ఇవ్వాలి, నోటి మాట కాదు, కాగితం ఇచ్చి రసీదు సీలు వేయించుకోండి. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్‌లో కూడా పెట్టండి, అక్కడ కింద ఎవరి గ్యాస్ లైనో, కేబులో ఉంటే వాళ్లకి కబురు పోతుంది. తవ్విన మట్టి హైవే హద్దుకి కనీసం 50 మీటర్ల అవతల పడేయాలి, మా కూలీలు అక్కడే డ్రెయిన్ పక్కన కుప్ప పోశారు, మళ్లీ ట్రాక్టర్ పెట్టి ఎత్తించాల్సి వచ్చింది. గుంత పూడ్చకముందు, పూడ్చాక ఫోటోలు తీసి పెట్టుకోండి, తేదీ కనపడేలా. గ్యారంటీ వెనక్కి ఇమ్మని లెటర్ పెట్టినప్పుడు అవే అడిగారు, బాబాయి ఫోన్‌లో మిర్చి కల్లం ఫోటోల మధ్య వెతికి వెతికి తీశాం.