పురుగుమందు పట్టినవాళ్ళ లెక్క ఊళ్ళో ఎలా రాయాలి

పత్తికి మందు కొట్టిన రాత్రి తల తిరిగితే మనవాళ్ళు మజ్జిగ తాగి పడుకుంటారు గానీ ఆసుపత్రికి పోరు, పోనివాళ్ళు ఏ లెక్కలోకీ రారు. 2003 సీజన్‌లో మూడు ఊళ్ళ పత్తి రైతులతో జరిపిన అధ్యయనంలో మందు తగిలిన 323 ఘటనలు నమోదైతే 83.6 శాతంలో విషలక్షణాలు కనిపించాయి. బాగా తీవ్రంగా వచ్చినవాళ్ళు కూడా ఒక్కరూ వైద్యానికి పోలేదు. అందుకే ఊళ్ళోనే ఒక నోటుపుస్తకం పెట్టండి, ఆశా కార్యకర్తనో చదువుకున్న పిల్లలనో తోడు తీసుకోండి.

అడగడం అదే సాయంత్రం అడగాలి, వారం పోతే ఎవరికీ గుర్తుండదు. "ఒంట్లో ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అంటారు, కాబట్టి చెమటలు పట్టాయా, చొంగ కారిందా, చూపు మసకేసిందా, వాంతి అయిందా, కండలు అదిరాయా అని ఒక్కొక్కటే అడగండి.

ఆడవాళ్ళను మాత్రం వదలొద్దు. మా ఒదిన ఏనాడూ పంపు భుజానికి వేసుకోలేదు, కానీ డ్రమ్ములో మందు పోసి కర్రతో కలిపి పంపులు నింపేది ఆవిడే, సాయంత్రానికి కొంగంతా తడిసి ఉంటుంది, ఆ చీరతోనే పొయ్యి ముందు కూర్చుంటుంది. కొట్టారా, కలిపారా, పక్క చేలో కలుపు తీస్తుంటే గాలికి మీద పడిందా అన్నది కూడా రాయండి.

"పురుగు మందు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. డబ్బా లేబుల్ ఫోటో తీయండి: మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి అసలు పేరు, బ్యాచ్ నంబరు, మందు ఎంత విషమో చెప్పే త్రికోణం రంగు అన్నీ పడాలి. రెండు మందులు కలిపి కొడితే రెండూ రాయాలి. కావాలని తాగిన కేసులు వేరే పేజీలో పెట్టండి, కలిపేస్తే పనిలో మందు పట్టినవాళ్ళు కనబడకుండా పోతారు.

చొంగ ఆగకుండా కారుతున్నా, కంటిపాప సూదిమొనంత అయినా, ఊపిరి ఆడకపోయినా రాయడం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. చేతులకు గ్లౌజులు వేసుకుని తడి బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, లేబుల్ ఫోటోతో పంపండి. చీటీలో ఉత్త "వాంతులు, నీరసం" అని కాకుండా మందు పేరు, పొలం పనిలో పట్టిందన్న మాట రాయమని డాక్టరును అడగండి.

వీలైతే సీజన్‌కు ముందే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించండి. కోలినెస్టరేజ్ అంటే మోనోక్రోటోఫాస్ లాంటి మందు పడితే రక్తంలో తగ్గిపోయే ఎంజైమ్, దీని విలువ మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి తర్వాత ఎంత పడిపోయిందో తెలియాలంటే మొదటి అంకె ఉండాలి.

వారానికోసారి పేర్లు తీసేసిన నకలు పీహెచ్‌సీలో, వ్యవసాయాధికారికి ఇవ్వండి. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ ఇలాంటి ఘటనలు తెలియజేయాలని ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఒకే మందుతో ఇద్దరు ముగ్గురు పడితే వారం ఆగకండి, ఆ రోజే చెప్పండి, ఇచ్చిన కాగితం మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.